టీచరుగారు చూడని ఆకుపచ్చ

టీచరుగారు పోయారన్న కబురు నాకు తాడేపల్లిగూడెంలో, సంచులు అచ్చువేసే ప్రెస్సులో అందింది. అప్పుడే మిషన్ మీంచి దింపిన సాంపిల్ సంచి నా చేతిలో ఉంది. ఫోను మోగింది. టీచరుగారి నంబరే. సాంపిల్ ఎలా వచ్చిందో అడగడానికే చేసి ఉంటారనుకుని, ఆవిడ నోరు విప్పేలోపే, "వచ్చిందండీ టీచరుగారూ, మీరు చెప్పిన చిలకపచ్చ టమాటా రంగులో వచ్చింది, పర్లేదా" అన్నాను. ఆవిడని కంగారు పెట్టకపోతే నాకు తిన్నది అరగదు. అవతలనుంచి వాళ్ళ కోడలుగారి గొంతు వినిపించింది.

"అన్నయ్యగారూ, అత్తయ్యగారు పొద్దున్నే పోయారండి. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారు. అంతే."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. మిషన్ ఆపరేటరు చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, బానే ఉంది కదా, నడిపించేద్దామా అని అడిగాడు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు: టీచరుగారు చూడాలి. ఆ పూట కూడా అదే అనేశాను. ఏమన్నానో అన్నాక గానీ తెలియలేదు.

ఏలూరులో చదువుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఆవిడ మీకు గుర్తుండే ఉంటారు. హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. నేను ఆవిడ పీరియడ్లో కాగితం మీద వేసిన బొమ్మలకన్నా, ముందు బెంచీవాడి చొక్కా వెనకాల వేసినవే ఎక్కువ. ఆవిడకి కొట్టడం రాదు, తిట్టడం అసలే రాదు. కంగారు పడటం మాత్రం వచ్చు. ఆ చొక్కా ఉతికితే పోతుందా, వాళ్ళమ్మ ఏమంటుంది, అసలు ఆ రంగులో ఏం కలిపావు అని వరసగా అడిగేవారు. చివరి ప్రశ్నకి జవాబు చెప్పేదాకా బెంచీ దగ్గర్నుంచి కదిలేవారు కాదు. మిగతా రెండింటికీ జవాబు అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది.

పదో తరగతి ఎలాగో గట్టెక్కాను. ఇంటర్ దగ్గర చదువుకీ నాకూ మాటలు ఆగిపోయాయి. తర్వాత ఏలూరులోనే చిన్న డిజైనింగ్ షాపు పెట్టాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బియ్యం సంచులు, చేపల మేత సంచులు. ఆవిడ రిటైరయ్యాక ఒక రోజు మనవడి ఒడుగు శుభలేఖల కోసం మా షాపుకి వచ్చారు. నన్ను గుర్తుపట్టి సంతోషించాలో భయపడాలో తేల్చుకోలేక కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. శుభలేఖలు వేసిచ్చాను. మర్నాడు వాటిని పట్టుకుని మళ్ళీ వచ్చారు. సంచిలోంచి భూతద్దం తీసి, శుభలేఖ అంచున ఉన్న పసుపు మీద పెట్టి, నన్ను వంగి చూడమన్నారు.

"పసుపులో ఈ నీలం చుక్కలు ఎవరు పెట్టారు అబ్బాయ్?"

"కంప్యూటరండి."

"దానికి పేరంటం తెలుసా? పసుపు పాచిపట్టినట్టు ఉంటే చుట్టాలు ఏమనుకుంటారు?"

విషయం ఏమిటంటే, మామూలుగా మేం అచ్చువేసేది నాలుగు రంగులతో. నీలం, గులాబీలాంటి ఎరుపు, పసుపు, నలుపు. కంటికి ఆనని చుక్కలుగా ఈ నాలుగూ పక్కపక్కన పడితే, దూరంనుంచి చూసే కన్ను వాటిని కలుపుకుని లోకంలోని రంగులన్నీ చూశాననుకుంటుంది. మా భాషలో ఫోర్ కలర్. ఇందులో ఒక రంగు చుక్క కొంచెం ఉబ్బినా, కొంచెం తగ్గినా మొత్తం షేడు మారిపోతుంది. ఇంకో పద్ధతి ఉంది. కావలసిన రంగునే డబ్బాలో కలిపి, చుక్కలు లేకుండా నిండుగా ఒకే పూతగా వెయ్యడం. దాన్ని స్పెషల్ కలర్ అంటాం. ఫోర్ కలర్లో ఉన్న డిజైనుని తీసుకుని, దానికి సరిపోయే స్పెషల్ కలర్ వెతికి మార్చడం ఒక పని. కంప్యూటరులో ఒక మీట నొక్కితే అయిపోతుందని నేను అనుకునేవాణ్ణి. ఆ శుభలేఖ దగ్గరనుంచి ఆవిడ మధ్యాహ్నం పూట రోజూ షాపుకి రావడం మొదలుపెట్టారు. అయిపోదని అప్పటినుంచి తెలుస్తూ వచ్చింది.

మీట నొక్కితే కంప్యూటరు దగ్గర్లో ఉన్న స్పెషల్ కలర్ నంబరు ఒకటి ఇస్తుంది. ఆవిడ ఆ నంబరుని, మా నాన్న నా మార్కుల కాగితాన్ని చూసినట్టు చూసేవారు. బల్ల మీద బూడిదరంగు తువ్వాలు పరిచి, దాని మీద స్పెషల్ కలర్ల నమూనాలున్న షేడు కార్డు విప్పేవారు. కట్టుకున్న చీర రంగు కాగితం మీద పడుతుందని పైన తెల్లటి పంచె కప్పుకునేవారు. ఎదురుగా సున్నం గోడని కాసేపు చూసి, అప్పుడు కార్డు వైపు తిరిగేవారు. వచ్చినవాళ్ళు ఆవిడ జపం చేస్తున్నారనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేను చెప్పులు కూడా బయట విప్పమనేవాణ్ణి.

ఒకే సంచి మీద ఆకు పచ్చ, అక్షరాల పచ్చ, అంచు పచ్చ ఉంటే కంప్యూటరు వాటికి వేరువేరు నంబర్లు ఇస్తుంది. నంబరుకో అచ్చు ప్లేటు, ప్లేటుకో రంగు డబ్బా అవుతుంది. ఆవిడ కూర్చుని అవన్నీ ఒకే పచ్చలోకి తెచ్చేవారు. ఆ ఒక్క పచ్చ ఏదన్నది తేల్చడానికి రెండు పూటలు పట్టేది. తేల్చాక ఇంటికి వెళ్ళి, అక్కడినుంచి ఫోను చేసి, అదేనంటావా అని మళ్ళీ నన్నే అడిగేవారు. ఎందుకండీ ఇంత దిగులు అంటే, "దిగులు పడటానికి కరెంటు బిల్లు రాదు కదా అబ్బాయ్, పడదాం" అనేవారు.

ఇంత దొరికాక నాలాంటివాడు ఊరుకుంటాడా? ఒకసారి ఒకే సాంపిల్ సంచిలోంచి రెండు ముక్కలు కత్తిరించి, వేరువేరు డబ్బాల్లోంచి వచ్చిన రంగులని చెప్పి, ఇందులో ఏది సరైన పచ్చో చెప్పమన్నాను. ఆవిడ తువ్వాలు పరిచారు, గోడని చూశారు, ముక్కల్ని అటూ ఇటూ మార్చారు. చెమట తుడుచుకున్నారు. చివరికి కుడిచేతిది కొంచెం చచ్చిన పచ్చ అన్నారు. నేను పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పాను. "నవ్వు, నవ్వడం అయ్యాక మళ్ళీ చూడు" అన్నారు. చూశాను. ఒకటి సంచి ఎడమ కొసనుంచి, ఇంకోటి కుడి కొసనుంచి కోశాను. మిషన్ ఒక పక్క రంగు పల్చగా వేస్తోంది. నిజంగానే తేడా ఉంది. కానీ ఆవిడ అందులో గెలిచినట్టు ఏమీ లేరు. మరి ఈలోపు ఇంకెన్ని సంచులు అలా వెళ్ళిపోయాయో అని ఆ సాయంత్రమంతా కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ కూర్చున్నారు.

సంచి రంగు కొంచెం అటూ ఇటూ అయితే కొంపలేం మునిగిపోతాయని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించేది, కొల్లేటికోట సంగతి జరిగేదాకా.

మా కొల్లేరు చెరువుల్లో చేపలకి మేత పెట్టే పద్ధతి చూడనివాళ్ళకి చెప్తాను. తవుడునీ మేతనీ నీళ్ళలో విసిరెయ్యరు. ఖాళీ అయిన ప్లాస్టిక్ సంచులకి చిల్లులు పెట్టి, వాటిలో మేత నింపి, చెరువులో వరసగా పాతిన గెడలకి కట్టి నీళ్ళలో ముంచుతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. కాబట్టి ఖాళీ సంచికి అక్కడ రెండో జన్మ ఉంటుంది. గట్టు మీద పాకలో ఖాళీ సంచులన్నీ ఒకే కుప్పగా పడి ఉంటాయి. అందులోంచి మేత సంచిని ఏరేది దాని రంగు చూసే.

గణపవరంలో ఒక షావుకారుగారు ఉన్నారు. చేపల మేతా అమ్ముతారు, చెరువులో పురుగు చావడానికి చల్లే మందూ అమ్ముతారు. ఆయన మేత సంచి చిలకపచ్చ. మందు సంచి నెమలికంఠం రంగు. ఒక ఏడు ఆయన ఎక్కడో పట్నంలో మేత సంచికి కొత్త డిజైను వేయించారు. ఎగిరే చేప, ఉదయించే సూర్యుడు, అంతా ఫోర్ కలర్. అల్లిక సంచి మీద నీలం చుక్క ఉబ్బింది, చిలకపచ్చ మెల్లగా నెమలికంఠం వైపు జరిగింది. కొల్లేటికోట దగ్గర ఒక చెరువు గట్టు మీద కాపలా ఉండే దంపతులు ఖాళీ సంచుల కుప్పలోంచి అలవాటుగా పచ్చ సంచులు లాగి, చిల్లులు పెట్టి, మేత నింపి కట్టారు. అందులో కొన్ని మందు సంచులు. మర్నాటికి చేపలు వెల్లకిలా తేలాయి. చెరువు ఆసామి ఆ ఇద్దర్నీ గట్టు మీంచి దింపేశాడు.

ఈ సంగతి మాకు షావుకారుగారే మా షాపులో టీ తాగుతూ చెప్పారు. చదువురాని జనంతో చచ్చిపోతున్నామండీ, ఈసారి సంచి మీద మేత అన్న మాట గజమంత వేయించండి అన్నారు. నేను నవ్వాను. టీచరుగారు నవ్వలేదు. ఆ సంచులు రెండూ తెప్పించగలరా అని అడిగారు. తెప్పించాక, వాటిని పట్టుకుని నన్ను వెంటేసుకుని కొల్లేటికోట వెళ్ళారు. పడవ ఎక్కడానికి ఆవిడ పడ్డ భయం చూసి అక్కడివాళ్ళు ఒడ్డునే కూర్చోమన్నారు. ఒప్పుకోలేదు. రెండు సంచుల్నీ నీళ్ళలో ముంచి, గెడ మీద ఆరేసి, పడవలో వెనక్కి వచ్చి దూరంనుంచి చూశారు. నన్నూ చూడమన్నారు. ఏది మేతో ఏది మందో నేను చెప్పలేకపోయాను. ఇంటర్ దాకా చదివినవాణ్ణి.

తిరుగు దారిలో గణపవరంలో ఆగి షావుకారుగారి కొట్టుకి వెళ్ళారు. తడి సంచులు ఆయన గల్లాపెట్టె మీదే పరిచారు.

"వాళ్ళకి చదువు రాకపోవడం కాదండీ. మనకి పచ్చ రాలేదు."

షావుకారుగారు మంచాయనే. మాట పడటం అలవాటు లేక కాసేపు ముఖం గంటు పెట్టుకున్నారు, తర్వాత ఆయనే చెరువు ఆసామికి కబురు పెట్టి ఆ దంపతుల్ని మళ్ళీ గట్టు ఎక్కించారు. ఆ ఏటినుంచి మేత సంచి స్పెషల్ కలర్‌కి మారింది. ఆ పచ్చ మా టీచరుగారు కుదిర్చిన పచ్చ.

తర్వాత కొన్నేళ్ళకి ఆవిడకి ఒక కంటికి శుక్లం తీశారు. పరామర్శకి వెళ్తూ నేనూ ఒక నల్ల కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను, జోడీగా ఉంటుందని. ఆవిడ నా వేషం చూడనే లేదు. ఒళ్ళో షేడు కార్డు పెట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నారు, ఇంకో కన్ను మూసి చూస్తున్నారు. ముఖం పాలిపోయి ఉంది. ఆపరేషన్ అయిన కంటికి పచ్చ ఒకలా, ఇంకా చెయ్యని కంటికి పసుపు కలిపినట్టు ఇంకోలా కనిపిస్తోందట.

"ఇన్నాళ్ళూ నేను సరే అన్న రంగులన్నీ పసుపు పట్టిన కంటితో అన్నాను అబ్బాయ్. ఆ సంచులన్నీ చెరువుల్లో ఉన్నాయి."

అప్పుడు మాత్రం నాకు వేళాకోళం తోచలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. డాక్టరు బయటికి వెళ్ళొచ్చని చెప్పిన రోజునే ఆవిడ కొల్లేటికోట ప్రయాణం కట్టారు. గట్టు మీద కాపలా ఉండే అమ్మాయి చేత పాకలోని ఖాళీ సంచుల కుప్పంతా బయట వేయించి, మేతవి ఒక పక్కకీ మందువి ఒక పక్కకీ ఏరమన్నారు. ఆ అమ్మాయి మాట్లాడుతూనే, చూడకుండానే ఏరేసింది. ఒక్కటీ తప్పలేదు. టీచరుగారు గట్టు మీదే కూలబడి మంచినీళ్ళు అడిగారు. నీళ్ళు తాగాక నాతో అన్న మాట ఇది: "ఇకనుంచి నా సరే సగం సరే. మిగతా సగం ఈ గట్టు మీద ఉంది." ఆ తర్వాత ఏ సాంపిల్ అయినా ఆవిడ చూశాక గట్టుకి వెళ్ళవలసిందే. తడిపి, గెడకి ఆరేసి, మేత కట్టేవాళ్ళు దూరంనుంచి చూసి అవునంటేనే ప్రెస్సుకి ఫోను వెళ్ళేది.

ఈ ఏడు షావుకారుగారికి మళ్ళీ ఫోర్ కలర్ మీద మనసు పోయింది. పోటీ కంపెనీల సంచులు తళతళలాడుతున్నాయట. నీడలు, మెరుపులు ఉన్న డిజైను తెచ్చి, ఇది ఇలాగే ఉండాలన్నారు. టీచరుగారు ఆయన్ని కూర్చోబెట్టి బతిమాలి, ఆ డిజైనుని రెండు స్పెషల్ కలర్లలోకి దించారు. చిలకపచ్చ ఒకటి, అక్షరాలకి ఇటికరంగు ఒకటి. అయితే పాత పచ్చ కలిపే సిరా ఇప్పుడు దొరకడం లేదు. కొత్త కంపెనీ సిరాతో మళ్ళీ మొదటినుంచి కలపాలి. కార్డు మీద కుదిరింది. సంచి మీద ఎలా వస్తుందన్నదే ఆవిడ దిగులు. చేపపిల్లలు వదిలే రోజులు దగ్గరపడ్డాయి, షావుకారుగారు తొందరపెడుతున్నారు, ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. సాంపిల్ వచ్చిన పొద్దున్నే ఆవిడ పోయారు.

నేను సాంపిల్ సంచిని మడిచి చంకలో పెట్టుకుని తాడేపల్లిగూడెంనుంచి ఏలూరు వెళ్ళాను. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని అలాగే పట్టుకుని ఆవిడ ఇంట్లోకి నడిచాను. చుట్టాలు నన్నూ సంచినీ మార్చి మార్చి చూశారు. బియ్యమేమైనా తెచ్చాడనుకున్నారేమో. ఆవిడ ముఖం మామూలుగానే ఉంది. ఏదో గుర్తొచ్చి లేచి ఫోను చెయ్యబోతున్న మనిషిలా ఉంది. నేను ఏడవాలనే వెళ్ళాను. కానీ నా చూపు మాటిమాటికీ చంకలో ఉన్న సంచి మీదికే పోతోంది. ఆ గదిలో పచ్చ పచ్చలానే ఉంది. వరండాలోకి వస్తే నీలం కొట్టినట్టు ఉంది. లోపలికి పోతే మళ్ళీ బాగుంది. అక్కడ ఏడుస్తున్న మనుషుల మధ్య నేను గుమ్మంలోకీ గదిలోకీ తిరుగుతుంటే, పెద్దావిడ ఎవరో నాకు కళ్ళు తిరుగుతున్నాయనుకుని కుర్చీ వేశారు.

కోడలుగారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"నిన్నంతా ఈ సంచి గురించేనండి. ఆరాక నీలం తిరుగుతుందేమోనని. మీ ఫోను వస్తుందని రాత్రి కూడా ఫోను దిండు పక్కనే పెట్టుకున్నారు."

టీచరుగారిని సాగనంపి ఇంటికి వచ్చాను. స్నానం చేసి కూర్చుంటే షావుకారుగారు ఫోను చేశారు. టీచరుగారి గురించి నిజంగానే బాధపడ్డారు, దేవతలాంటి మనిషండీ అన్నారు. ఆ తర్వాత, మరి మిషన్ రేపు ఎక్కించేద్దామా అన్నారు. రేపు చెప్తానన్నాను. అన్నం తినలేకపోయాను. దుఃఖంతో అని మా ఆవిడ అనుకుంది. దుఃఖానికి ఇంకా వంతు రాలేదు. ఇన్నాళ్ళూ ఆ దిగులంతా ఆవిడే పడేవారు కాబట్టి నేను వేళాకోళాలు ఆడుతూ తిరిగాను. ఇప్పుడు అది ఎత్తుకునే మనిషి లేక నేరుగా నా మీదికి వచ్చి కూర్చుంది.

మర్నాడు కొల్లేటికోట వెళ్ళాను. నన్ను చూడగానే గట్టు మీది అమ్మాయి నా వెనకాల దారి వైపు చూసింది.

"టీచరమ్మగారు రాలేదేంటి బాబుగారూ?"

చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో ఉన్న గంప కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి తనే ఇటు తిరిగి, సంచి ఇలా ఇవ్వండి అంది. పాకలోంచి ఒక మందు సంచి తెచ్చింది. రెండూ కలిపి నీళ్ళలో ముంచింది. వాళ్ళాయన పడవ తెస్తే వెళ్ళి పక్కపక్క గెడలకి ఆరేసి వచ్చింది. ముగ్గురం ఒడ్డున నిలబడి చూశాం. నాకైతే మేత సంచి మేత సంచిలానే కనిపించింది. కనిపించాలని ఎంత గట్టిగా కోరుకుంటున్నానో నాకు తెలుసు కాబట్టి, నా కన్ను మాట నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ అమ్మాయి ఒక గెడనుంచి ఇంకో గెడకి చూపు తిప్పుతూ ఉంది. వాళ్ళాయన ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొడిగా ఉన్నంతసేపూ మేత సంచేనండి. తడిశాక మందు సంచి వైపు తిరుగుతోంది. మీరు కట్టమంటే కడతాం. నన్నడిగితే మాత్రం నేను కట్టనండి."

ఒకసారి చేపలు తేలిన చెరువు అది. అప్పుడు గట్టు దిగాల్సి వచ్చిన మనిషి ఆ మాట అంటుంటే ఇంక నేను చెప్పడానికి ఏముంది? అక్కడినుంచే ప్రెస్సు ఆపరేటరుకి ఫోను చేశాను. తడిస్తే రంగు తిరుగుతోందని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, కొత్త సిరా పల్చగా ఉందండి, తడిసిన సంచి వెనక నీళ్ళ నలుపు కనపడనిస్తోంది, కింద ముందు తెల్లరంగు వేసి దాని మీద పచ్చ వేస్తే ఆగుతుంది అన్నాడు. డిజైను రెండు రంగుల్లోకి దిగింది కాబట్టి నాలుగు రంగులు వేసే మిషన్‌లో తెలుపుకి చోటు ఉంది. కానీ ఇంకో ప్లేటు చేయించాలి, మళ్ళీ సాంపిల్ తియ్యాలి. ఆలస్యం.

షావుకారుగారికి చెప్పాను. ఆయన గొంతు గట్టిపడింది. సరుకు కొట్లో ఉందని, సంచులు లేక ఆగిందని, వేరే ప్రెస్సుకి ఇచ్చుకుంటానని అన్నారు. చివరికి అసలు మాట వచ్చింది.

"టీచరుగారు లేరు కదండీ. ఇప్పుడు వద్దనేది ఎవరు?"

"నేనండి."

"మీకేం తెలుసండీ రంగుల సంగతి?"

"తెలీదండి. అందుకే వద్దంటున్నాను."

నా జన్మలో నేను వేళాకోళం లేకుండా అన్న మాటలు లెక్కపెడితే వేళ్ళు మిగులుతాయి. ఇది అందులో ఒకటి. ఆయనకీ అది తెలిసిందనుకుంటా. సరే, తొందరగా కానివ్వండి, ఈసారి కూడా తిరిగితే మాత్రం మీ మొహం నాకు చూపించకండి అని పెట్టేశారు.

ఈలోపు టీచరుగారి పదోరోజు వచ్చింది. ఆ ఇంట్లో భోజనానికి కూర్చుని, వడ్డిస్తున్న తోటకూరపప్పు వైపు, అరిటాకు వైపు చూస్తూ ఉండిపోయాను. పక్కన కూర్చున్నాయన ఏమైందండీ అని అడిగారు. ఏ పచ్చ మీద ఏ పచ్చ పడుతోందో చూస్తున్నానని ఆయనకి ఎలా చెప్పను? ఉప్పు అడిగాను.

తెలుపు మీద పచ్చ వేసిన రెండో సాంపిల్ వచ్చింది. బూడిదరంగు తువ్వాలు నా దగ్గర లేదు, సున్నం గోడని చూసే ఓపికా నాకు లేదు. నేరుగా గట్టుకే పట్టుకెళ్ళాను. ముంచి ఆరేశారు. ఆ అమ్మాయి ఈసారి వెంటనే, ఇదేనండి అంది. మబ్బు పట్టి ఉంది, ఎండ వచ్చాక ఒకసారి చూడు అన్నాను. ఎండ వచ్చాక చూసి అదే అంది. ఇంకాస్త దూరంనుంచి చూడమన్నాను. ఆ అమ్మాయి వాళ్ళాయన వైపు తిరిగి, "టీచరమ్మగారు ఇంతకన్నా నయమయ్యా" అంది. ప్రెస్సుకి ఫోను చేసి నడిపించమన్నాను. పెట్టేసి, మళ్ళీ చేసి, తెలుపు ఏ పక్కా పల్చబడకుండా చూసుకోమన్నాను. ఆపరేటరు అలాగేనండి అలాగేనండి అన్నాడు. ఆవిడతో కూడా అతను అలాగే రెండుసార్లు అనేవాడు.

సంచులు అచ్చయ్యాయి, మేత నిండింది, చెరువులకి వెళ్ళింది. మొదటి ఖాళీ సంచులకి చిల్లులు పెట్టి కడుతున్నారని తెలిసిన రోజు నేను షాపు మూసి కొల్లేటికోట బయల్దేరాను. నాకు అక్కడ ఏ పనీ లేదు. సంచులు ఏరేది వాళ్ళు, కట్టేది వాళ్ళు. అయినా వెళ్ళి, పాకలో కుప్ప ముందు నిలబడి ఆ అమ్మాయి ఏరుతున్న ప్రతి సంచినీ తొంగి చూశాను. పడవలో వాళ్ళ వెనకాల కూర్చున్నాను. పడవ ఊగినప్పుడల్లా అంచు పట్టుకున్నాను. వాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనిచ్చాను. పచ్చ సంచులు ఒక్కొక్కటే గెడలకి కట్టి నీళ్ళలోకి దించారు. కింది సగం మునిగింది, పై సగం ఎండలో ఉంది. రెండు సగాలూ ఒకే పచ్చ.

కట్టడం అయ్యాక పడవని పక్కకి లాగి ఆగాం. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. చేపలు రావడానికి కొంచెంసేపు పడుతుందండి, కంగారు పడకండి అన్నాడు వాళ్ళాయన. నేను కంగారు పడుతూ మొదటి గెడనే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి దాని మొదట్లో నీళ్ళు చిన్నగా ముడతలు పడ్డాయి. సంచి కిందనుంచి ఎవరో పొడిచినట్టు కదిలింది. గెడ కొస సన్నగా వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది.

నేను రెండో గెడ వైపు తిరిగాను.